ఒక పూర్తి సెట్టు ఖరీదు

నేను కట్టుడు పళ్లు చేస్తాను. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తే, మా వర్క్‌షాపులో వాటికి అచ్చు పోసి, మైనంతో చిగుళ్లు కట్టి, పళ్లు ఒక్కొక్కటే నిలబెట్టి, అరగదీసి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాం. నెల జీతం అంటూ ఉండదు, సెట్టుకి ఇంతని ఇస్తారు. అందుకని నా బుర్రలో లెక్కలన్నీ పళ్లలోనే తిరుగుతుంటాయి. మంచి చెప్పుల జత అంటే ఒక కింది పలువరుస. జుట్టు కత్తిరించుకోవడం అంటే నాలుగు ముందు పళ్లు. ఇలా ఆలోచించడం ఆరోగ్యకరమైన అలవాటు కాదని నాకూ తెలుసు గాని, చేసే పని అంత తేలిగ్గా వదిలిపెట్టదు.

కాబట్టి మావాళ్లను హోటల్‌కి తీసుకెళ్లి భోజనం పెట్టాలని అనుకున్నప్పుడు నేను మొదట తేల్చుకోవలసి వచ్చింది అదే. ఎన్ని పళ్లు పెడితే సబబు?

మావాళ్లంటే అమ్మ, అన్నయ్య, వదిన. అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. వదిన కర్టెన్లు, దిండు గలీబులు కుడుతుంది. నాలుగేళ్లు వాళ్లింట్లో ఉండి ఈ పని నేర్చుకున్నాను. మొదట్లో చేతికి చిల్లిగవ్వ వచ్చేది కాదు. నేను పోసిన అచ్చుల్లో సగానికి బుడగలు పడేవి, అవన్నీ తిన్నగా చెత్తబుట్టలోకి పోయేవి. మొహం వేలాడేసుకుని ఇంటికి వస్తే వదిన ఏమీ అడక్కుండా కంచం పెట్టేది. తిన్నావా అని అడిగారు గాని, ఎప్పుడు సంపాదిస్తావని ఆ ఇంట్లో ఒక్కరూ అడగలేదు. మూడు నెలల కింద వర్క్‌షాపుకి దగ్గర్లో సొంతంగా గది తీసుకున్నాను. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. నలుగురిని పిలిచి వండిపెట్టే చోటు కాదది. అయినా ఒక్కసారి నా డబ్బుతో వాళ్ల ముగ్గురికీ కడుపునిండా పెట్టాలని నాకు తెగ కోరికగా ఉండేది. పెట్టే చెయ్యి నాది కావాలి, వాళ్లు ఆకలితో తింటుంటే నేను ఎదురుగా కూర్చుని చూడాలి. అంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. అది అమ్మ పెట్టినది. పరాయివాళ్లు ఎవరైనా భోజనానికి పిలిస్తే, ముందు ఇంట్లో ఎంగిలిపడి మరీ బయల్దేరాలి. వాళ్ల ముందు ఆవురావురుమంటూ కనపడకూడదట, వాళ్లకి మనవల్ల భారం కాకూడదట. చిన్నప్పుడు పెళ్లిళ్లకి కూడా నేనూ అన్నయ్యా పొట్టలు నింపుకునే వెళ్లేవాళ్లం. ఒక పెళ్లిలో ఐస్‌క్రీమ్ ఎదురుగా పెట్టుకుని, చోటు లేక మింగలేక, నేను ఏడ్చిన ఏడుపుకి పెళ్లికూతురే లేచి వచ్చింది. సొంతవాళ్ల దగ్గర మాత్రం ఈ ఆచారం లేదు. పెద్దమ్మ ఇంటికి వెళ్లే రోజున పొద్దుటి నుంచీ పస్తుండి వెళ్లి, గిన్నెల మీద పడేవాళ్లం. వదిన కాపురానికి వచ్చిన కొత్తలో, ఇదేం విడ్డూరం, తినడానికి వెళ్తూ తినడమేమిటి అని ముక్కున వేలేసుకుంది. ఏడాది తిరక్కుండా తనే అందరికంటే ముందు కంచాలు సర్దడం మొదలుపెట్టింది.

సరే, ఖర్చు సంగతి. వర్క్‌షాపులో నా పక్క బల్ల దగ్గర పళ్లకి మెరుగుపెట్టే ఆవిడ ఉంటుంది. మేమందరం పాలిష్ అక్క అంటాం. ఆమెనడిగాను.

"బయట తిండికి ఎంత పెట్టొచ్చక్కా, మరీ ఎక్కువ కాకుండా?"

అక్క మూతికి కట్టుకున్న గుడ్డ కిందికి లాక్కుని సీరియస్‌గా ఆలోచించింది. "మర్నాడు పొద్దున్న లేచాక ఆ డబ్బు గుర్తు రాకూడదే. వచ్చిందంటే ఎక్కువ పెట్టినట్టు."

"నీకెంత పెడితే గుర్తు రాదు?"

"నాకా? టీ తాగినా గుర్తొస్తుంది" అని గుడ్డ పైకి లాక్కుని మిషన్ ఆన్ చేసింది.

చివరికి నేనే తేల్చుకున్నాను. ఒక పూర్తి సెట్టు, పైనా కిందా కలిపి. అంతకు తగ్గితే పెట్టినట్టుండదు, అంతకు మించితే గది అద్దెకి తడుముకోవాలి. నాలుగంతస్తుల బట్టల దుకాణాల భవనంలో పైన ఒక మంచి హోటల్ ఉంది. తలుపు పక్కన అంటించిన ధరల కాగితాన్ని రెండుసార్లు వెళ్లి పరీక్షకి చదివినట్టు చదివి వచ్చాను. పూర్తి సెట్టుకి నలుగురికి సూపు, ఒక కాల్చిన చేప, ఒక కోడి, రొట్టెలు, చివర్న ఒక తీపి వస్తాయి. చాలా సంతోషంగా ఇంటికి ఫోన్ చేశాను.

అన్నయ్య మొత్తం విని, "ఒక సెట్టా!" అని నోరు తెరిచాడు. తెరిచిన చప్పుడు నాకు ఫోన్లో వినపడింది. "చిట్టీ, లిఫ్టులో బోర్డు ఉంటుంది చూశావా, ఇంతమందికి మించి ఎక్కకూడదని? జేబుకి కూడా అలాంటి బోర్డు ఒకటి ఉండాలి. పై పలువరుసతో సరిపెట్టకూడదూ?"

"కింది పలువరుస లేకుండా నమిలేదెలా అన్నయ్యా?"

వదిన ఫోన్ లాక్కుంది. "పార్సిల్ తెచ్చేసుకుందామే. మనింట్లో ప్లేట్లు లేవా? వాళ్ల కుర్చీల్లో కూర్చున్నందుకు కూడా మనమే కట్టాలా ఏం?"

వెనకనుంచి అమ్మ గొంతు. "ఆ డబ్బుతో ఒక మంచి దుప్పటి కొనుక్కోమను దాన్ని. వచ్చేది చలికాలం."

నాకు ఒళ్లు మండింది. "రాకపోతే మానండి! నేనొక్కదాన్నే వెళ్లి నలుగురి తిండీ తిని మంచాన పడతాను. అప్పుడు మందులకి మీరే పెడుదురు గాని!"

అవతల గుసగుసలు వినపడ్డాయి. తర్వాత అన్నయ్య చాలా మెత్తగా, "సరే చిట్టీ, నువ్వెలా అంటే అలాగే. శనివారం సాయంత్రం వస్తాం" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది. కూరగాయల దుకాణంలో కొత్తిమీర కట్ట దగ్గర కూడా అరగంట నిలబడే మనిషి, రెండో మాటకే దిగివచ్చాడు. కాని నేను గెలిచానన్న సంబరంలో ఉన్నాను.

శనివారం ఇంకా వెలుతురుండగానే వెళ్లి కిటికీ పక్క బల్ల చూసుకుని కూర్చున్నాను. కాసేపటికి ముగ్గురూ పెట్టెలోంచి తీసిన మంచి బట్టల్లో వచ్చారు. అన్నయ్య కూర్చోకముందే, "రెండో అంతస్తు దగ్గర లిఫ్టు కుదుపుతోంది. తలుపు రోలరు అరిగిపోయింది" అన్నాడు. వదిన కిటికీ కర్టెన్ అంచు తిరగేసి చూసి, "కుట్టు మధ్యలో దారం వదిలేశారు, చూడు" అంది. అమ్మ మాత్రం తెల్లటి బల్లగుడ్డని చేత్తో నిమిరి, నన్ను చూసి నవ్వింది. అమ్మ నోట్లో ఉన్నవి నా చేతిమీదుగా సరిగ్గా కుదిరిన మొదటి సెట్టు. అమ్మ అసలు పళ్లలో ముందు రెండింటి మధ్య చిన్న సందు ఉండేది. అది లేకపోతే అమ్మ నవ్వు అమ్మ నవ్వులా ఉండదని, సెట్టులో కూడా అలాగే వదిలాను. డబ్బులిచ్చి కట్టించుకునే పళ్లకి ఎవరైనా సందు పెడతారా అని మా ఓనరు తిట్టాడు కూడా.

వడ్డించే ఆయన వచ్చాడు. యాభై దాటిన, లావుపాటి, నిదానమైన మనిషి. అన్నయ్య మెనూ తెరిచి, పేర్లు వదిలేసి కుడివైపు అంకెలు మాత్రం చదువుకుంటూ పోయాడు.

"నాకు ఒక రొట్టె చాలు" అన్నాడు.

"నాకు సూపు. ఈమధ్య సాయంత్రాలు బరువుగా తింటే పడట్లేదు" అంది వదిన.

"నాకూ అదే, సగం" అంది అమ్మ.

నేను మెనూ మూసి పక్కన పెట్టి, అనుకున్నవన్నీ చెప్పేశాను. నలుగురికీ గుమ్మడికాయ సూపు, పెద్ద చేప, మొత్తం కోడి, రొట్టెల బుట్ట.

అన్నీ వచ్చాయి. చేప మీద వెన్న ఇంకా చిటపటమంటోంది. కోడి ఎర్రగా కాలి, ఉల్లిపాయల మధ్య కూర్చుని ఉంది. ఆ వాసనకి నాకు నోట్లో నీళ్లూరాయి, పొద్దుటినుంచీ ఏమీ తినకుండా ఉన్నాను మరి. ముగ్గురికీ పెద్ద పెద్ద ముక్కలు వేశాను. అన్నయ్య తన చేప ముక్కని ఫోర్కుతో కంచంలో ఈ చివరినుంచి ఆ చివరికి తోశాడు, మళ్లీ ఈ చివరికి తెచ్చాడు. వదిన కోడి ముక్క మీద తోలు తీసి, మళ్లీ కప్పింది. అమ్మ ఒక చెంచా సూపు తాగి, రెండో చెంచాని చల్లారబెట్టడం మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది.

"బాగుందా?" అన్నాను.

"బ్రహ్మాండం!" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

వంట బాగాలేదేమో అనుకుని రుచి చూశాను, చాలా బాగుంది. ఖర్చు చేశానని కోపమా? లేకపోతే ఇల్లు వదిలి గది తీసుకున్నానని మనసులో ఏమైనా పెట్టుకున్నారా? నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నా మొహం మారడం చూసి అమ్మ, "ఏంటే అలా చూస్తావు? నిజంగా బాగుంది" అని పెద్దగా నవ్వింది.

ఆ సందులో ఆకుపచ్చగా ఏదో ఇరుక్కుని ఉంది. నేను వంగి చూశాను. రోజంతా పళ్లనే చూసేదాన్ని, నా కళ్లు పొరబడవు. అది పాలకూర. మా బల్ల మీద పాలకూర ఎక్కడా లేదు.

"అమ్మా, పాలకూర ఎక్కడ తిన్నావు?"

అమ్మ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. అన్నయ్య కర్టెన్ కుట్టు పరీక్షించడం మొదలుపెట్టాడు. వదిన ఒళ్లో గుడ్డని నాలుగు మడతలు పెట్టింది.

"తిని వచ్చారా?"

"కొంచెం" అన్నాడు అన్నయ్య.

"ఎంత కొంచెం?"

వదిన ఇక ఆగలేకపోయింది. "నేను చెప్తూనే ఉన్నానే, తలా రెండు ముద్దలు తిని లేవండీ అని. మీ అన్నయ్యే మూడోసారి వడ్డించుకున్నాడు."

"అంత బాగా వండమని ఎవరన్నారు నిన్ను?" అన్నాడు అన్నయ్య.

"అంటే ఇప్పుడు తప్పు నాదా!"

ఇంకో రోజైతే నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"పరాయివాళ్ల ఇంటికి వెళ్లేటప్పుడు కదమ్మా మనం తిని వెళ్లేది?" అన్నాను. "పెద్దమ్మ ఇంటికి ఎప్పుడైనా తిని వెళ్లామా? గది తీసుకుని మూడు నెలలేగా అయింది. అప్పుడే నేను పరాయిదాన్నైపోయానా?"

"అది కాదే పిచ్చిదానా. నీకు బిల్లు ఎక్కువవుతుందని..." అమ్మ మాట మధ్యలోనే మింగేసింది.

"నాలుగేళ్లు మీ ఇంట్లో తిన్నాను. రోజూ ఆకలితోనే వచ్చాను. మీకు భారమవుతుందని ఒక్కరోజైనా బయట తిని వచ్చానా? అలా వచ్చి ఉంటే నువ్వేం చేసేదానివి వదినా?"

"చీపురు తిరగేసేదాన్ని" అంది వదిన ఠక్కున. అన్న తర్వాత గాని తానేమందో ఆమెకి అర్థం కాలేదు. తలవంచుకుంది.

అన్నయ్య ఏదో ఒకటి చెయ్యాలని చేప ముక్క ఒకటి నోట్లో కుక్కుకున్నాడు, పాపం, గుడ్లు తేలేశాడు. అమ్మ బల్లగుడ్డ మీద రొట్టె పొడిని వేలితో ఒక చోటికి చేర్చింది. మళ్లీ చెదరగొట్టింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

"లేవండి అందరూ. నడుద్దాం."

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"ఆకలి పుట్టేదాకా." అని వడ్డించే ఆయనవైపు తిరిగింది. "బాబూ, ఇవన్నీ కాస్త వెచ్చగా ఉంచుతావా? మేము తప్పుచేసి తిని వచ్చాం. కాసేపట్లో ఆకలి తెచ్చుకుని వస్తాం."

ఆయన మమ్మల్ని నలుగురినీ మార్చి మార్చి చూశాడు. "ఇన్నేళ్లలో బిల్లు కట్టకుండా వెళ్లినవాళ్లని చూశానమ్మా, ఆకలి మర్చిపోయి వచ్చినవాళ్లని చూడలేదు" అన్నాడు. అయినా నా చేతిసంచి కుర్చీలోనే ఉంచి వెళ్లమన్నాడు.

మెట్లెక్కేవాళ్లంటే అన్నయ్యకి వృత్తిరీత్యా చిన్నచూపు. అలాంటి అన్నయ్యని వదిన నాలుగంతస్తులూ దింపి, ఎక్కించి, మళ్లీ దింపింది. మూడోసారి వడ్డించుకున్నందుకు శిక్ష అంది. అతను రెయిలింగు పట్టుకుని రొప్పుతూ, లిఫ్టు కనిపెట్టినవాడు దేవుడని అందరికీ వినపడేలా అన్నాడు. ఆ తర్వాత వదిన కూడా అలిసిపోయి, ఇద్దరూ కర్టెన్ల గుడ్డలమ్మే దుకాణంలో దూరారు. గజం ధర అడగడం, పెదవి విరవడం, బయటికి రావడం, పక్క దుకాణంలోకి వెళ్లడం. ఏమీ కొనకుండా అంతసేపు తిరగడం వాళ్లిద్దరికే చేతనవును.

నేనూ అమ్మా వీధిలోకి వచ్చి మెల్లగా నడిచాం. దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. ఒక సైకిళ్ల కొట్టు, మందుల దుకాణం, తాళాలు బాగుచేసే మనిషి. అమ్మ నా భుజం మీద చెయ్యి వేసుకుంది. రెండు వీధులు దాటాక అడిగింది.

"నీ గదిలో కుర్చీ ఒకటేనా?"

"ఒకటే."

"నేనొస్తే నువ్వెక్కడ కూర్చుంటావు?"

"మంచం మీద."

"సరే. మంగళవారం వస్తాను. ఏం వండుతావో వండు. ఏమీ తినకుండా వస్తాను."

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాలుగడుగులు వేశాక, "నువ్వు వెళ్లిపోయాక వదిన రోజూ ఒక మనిషికి ఎక్కువే వండుతోంది. మేం ముగ్గురం నీ వంతు పంచుకుని తింటున్నాం. మీ అన్నయ్య పొట్ట చూశావుగా" అంది. ఈసారి నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఆపుకోకుండానే వీధి చివరిదాకా నడిచాం.

వెనక్కి వచ్చేసరికి కింది అంతస్తు బేకరీలో రొట్టెలు పొయ్యిలోంచి తీస్తున్నారు. ఆ వాసనకి అన్నయ్య మెట్ల దగ్గర నిలబడిపోయాడు.

"చిట్టీ, నాకు నిజంగా ఆకలేస్తోంది" అన్నాడు, ఏదో పోగొట్టుకున్న వస్తువు దొరికినంత ఆనందంగా. ఈసారి నలుగురం ఆ కుదిపే లిఫ్టులోనే పైకి వెళ్లాం.

చేప అంచులు కాస్త ఎండిపోయాయి, కోడి ఇందాకటంత మెరవడం లేదు. ఎవరూ పట్టించుకోలేదు. అన్నయ్య ఫోర్కు పక్కన పడేసి కోడి కాలు చేత్తో పట్టుకున్నాడు. "నలుగురిలో ఏమిటండీ అది" అని వదిన కసిరింది, రెండు నిమిషాల్లో రెండో కాలు తన చేతిలో ఉంది. రొట్టెల బుట్ట ఖాళీ అయింది. అన్నయ్యే వడ్డించే ఆయన్ని పిలిచి, మెనూ అడక్కుండా, ఇంకో బుట్ట, ఇంకో చేప తెమ్మన్నాడు. నేను మనసులో లెక్క వేసుకున్నాను. పూర్తి సెట్టు దాటిపోయింది, ఇంకో పై పలువరుసలో కూడా సగం పళ్లు ఊడాయి. ఇప్పుడు బాధ కలుగుతుందేమోనని కాసేపు ఎదురుచూశాను, కలగలేదు. రేపు సెలవు రోజున వెళ్లి ఒక పలువరుస ఎక్కువ కడితే సరిపోతుంది. అన్నయ్య మూతి తుడుచుకుంటూ, "ఎంతవుతుందేమిటి మొత్తం?" అని ఏదో అనబోయాడు. బల్ల కింద వదిన కాలు తగిలినట్టుంది, "అంటే, చేప ఎంత బరువుంటుందా అని" అని సర్దుకున్నాడు.

రెండో చేప కూడా చాలామటుకు అయిపోయింది. అమ్మ కంచంలో ఒక్క ముక్క లేదు, వెన్న కూడా రొట్టె ముక్కతో శుభ్రంగా తుడిచి తినేసింది. చాలనుకుందేమో అని నేను ఆ కంచం తీయబోయాను. అమ్మ అంచు పట్టుకుని వదల్లేదు.

"ఎక్కడికి తీసుకుపోతావు? ఇంకొంచెం వెయ్యి. నాకింకా ఆకలి తీరలేదు" అంది. పక్క బల్ల దగ్గరివాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా అంది.

నేను లేచి నిలబడి, పళ్లెంలో మిగిలిన చేపంతా అమ్మ కంచంలో వేశాను.